పెన్ను పిల్లల చేతిలోనే ఉండనివ్వండి

మీరు ఎంసెట్ కోసం ఏళ్ల తరబడి లెక్కలు చేసినవాళ్లు. ఇంజినీరింగ్ అయింది, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో ఉద్యోగం వచ్చింది. దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో శనివారాలు లెక్కల సార్‌కి సాయంగా ఉంటానని పేరిచ్చారు. తొమ్మిదో తరగతి లెక్కలే కదా, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను అనుకున్నారు. మొదటి రోజు ఉత్సాహంగా బోర్డు నిండా రాశారు. "అర్థమైందా?" అని అడిగితే యాభై గొంతులు ఒక్కటై "అయింది సార్" అన్నాయి. బెంచీల మధ్యకి వెళ్లి చూస్తే బోర్డు మీదున్నది ఉన్నట్టుగా నోట్సులోకి దిగింది. అంకెలు మార్చి అదే లెక్క ఇస్తే పెన్ను కదిలింది నలుగురైదుగురిదే.

ఇలా జరిగిందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. మీ మొదటి శనివారం ఇంకా రాలేదా? మరీ మంచిది.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. ఆ క్లాసుకి ఇంకో లెక్చరర్ అక్కర్లేదు. పాఠం చెప్పడానికి సార్ ఉన్నారు, పిల్లలకి చెప్పడం ఆయనకి మీకన్నా బాగా వచ్చు. ఆయనకి లేనిది తీరిక. పీరియడ్ నలభై ఐదు నిమిషాలు, పిల్లలు యాభై మంది. హాజరు, పాఠం, హోంవర్కు పోను ఒక్కో నోట్‌బుక్ మీద ఆయన చూపు నిలిచేది అర నిమిషం కూడా ఉండదు. ఒక పిల్ల లెక్క మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆగిపోయిన చోటుదాకా పక్కన కూర్చుని చూసే వీలు ఆయనకి ఏడాది మొత్తంలో ఎన్నిసార్లు దొరుకుతుంది? మీకు వెళ్లిన ప్రతిసారీ దొరుకుతుంది. మీరు అక్కడికి వెళ్లేది ముఖ్యంగా చూడటానికి. చెప్పడం ఆ తర్వాతి మాట.

ఇంగ్లండ్‌లో క్లాసురూం సహాయకుల మీద లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పరిశోధకులు కొన్నేళ్లపాటు పెద్ద అధ్యయనం చేశారు. ఫలితాలు 2009లో వచ్చాయి. సహాయకుల నుంచి ఎక్కువ సాయం అందుకున్న పిల్లలు, అలాంటి స్థాయిలోనే ఉండి తక్కువ సాయం అందుకున్న పిల్లలకన్నా చదువులో తక్కువ ముందుకెళ్లారని తేలింది. మనసుపెట్టి వెళ్లేవాళ్లకి ఇది వినడం కష్టమే. కానీ తప్పంతా సహాయకులదని వాళ్లు అనలేదు. ఇచ్చిన పని పూర్తయిందా లేదా అన్నదాని మీదే ధ్యాస ఉండటం, కష్టమైన ముక్క వచ్చేసరికి సహాయకులే అందించేయడం, టీచరుతో ముందుగా మాట్లాడుకునే సమయం లేకపోవడం: పరిశోధకులు చూపిన కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే. అందుకే కింద రాసిన సూచనల్లో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరుగుతాయి.

1. మొదటి రోజు పాఠం చెప్పకండి

వెనక బెంచీలో కూర్చుని ఒక పీరియడ్ పూర్తిగా చూడండి. ఎవరు చేయి ఎత్తుతున్నారు? సార్ ప్రశ్న అడగ్గానే ఎవరు తల దించుకుంటున్నారు? ఎవరు పక్కవాళ్ల నోట్సు చూసి రాస్తున్నారు? పేర్లు రాసుకోండి, వచ్చే వారానికి నేర్చుకోండి. కొండాపూర్, సిద్దిక్ నగర్, గుట్టల బేగంపేట చుట్టుపక్కల బడుల్లో పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, కర్ణాటక, ఒడిశా, బీహార్ నుంచి పనికోసం వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటారు. పేరు సరిగ్గా పలకడానికి కొంచెం శ్రమపడండి.

క్లాసయ్యాక సార్‌ని మూడు విషయాలు అడగండి. వచ్చే వారానికి ఏ అభ్యాసందాకా వస్తారు? నన్ను ఎవరి పక్కన కూర్చోమంటారు? ఈ లెక్కని మీరు ఏ పద్ధతిలో, ఎన్ని స్టెప్పుల్లో రాయిస్తారు? మూడోది తప్పకుండా అడగాలి. వర్గ సమీకరణాన్ని సార్ కారణాంకాలు విడదీసి చేయిస్తుంటే, మీరు వెనక బెంచీలో సూత్రం పట్టుకుని చేయించారనుకోండి. రెండూ సరైనవే, కానీ ఆ పిల్లకి రెండూ సగం సగమే వచ్చి ఊరుకుంటాయి.

2. ముందు రోజు రాత్రి చేత్తో చేసి చూసుకోండి

ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పాఠ్యపుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పదో తరగతి లెక్కల పుస్తకంలో వాస్తవ సంఖ్యల నుంచి సాంఖ్యక శాస్త్రం దాకా 14 అధ్యాయాలు. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం నిరూపణ మీరు కాగితం మీద పెట్టి ఎన్నేళ్లయింది? చదివితే చాలదు, పెన్ను పట్టుకుని చేయండి. అప్పుడే పిల్లలు ఏ మలుపులో ఆగిపోతారో ముందే తెలుస్తుంది. అయినా క్లాసులో తట్టకపోతే "నేను చూసుకుని వచ్చే వారం చెబుతా" అనండి, చెప్పండి. తెలియనిదాన్ని వెతుక్కుని వచ్చే పెద్దవాళ్లని పిల్లలు చూడటం చాలా మంచిది.

3. పెన్ను అందుకోకండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి పక్కన కూర్చున్నాను. లెక్క చివరికొచ్చింది: ఆరు ఎక్స్ ఈజీక్వల్టు 612. కింద "ఎక్స్ ఈజీక్వల్టు 12" అని రాసి పెన్ను కింద పెట్టింది. ఆమెకి సమీకరణాలు రావు, మళ్లీ మొదటినుంచి చెప్పాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. నేను "ఎట్ల చేశావో నాకోసారి చేసి చూపిస్తావా?" అన్నాను. మార్జిన్‌లో భాగహారం వేసింది. ఆరు ఒకట్ల ఆరు, పైన 1. తర్వాతి 1 దించింది. "ఆరు ఒకటిలో పోదు" అని గొణుక్కుని వెంటనే 2 కూడా దించేసింది. ఆరు రెళ్లు పన్నెండు, పైన 2. శేషం సున్నా. జవాబు 12.

సమీకరణం అంతా సరిగ్గానే చేసింది. పోయింది మధ్యలో ఒక్క సున్నా. అరగంటసేపు పక్షాంతరం గురించి చెప్పినా ఆ సున్నా వచ్చేదా?

"పన్నెండార్లు ఎంత?" అని అడిగాను. "డెబ్బై రెండు." తను రాసిన 612 వంక చూసింది, 12 వంక చూసింది. "ఎక్కడ్నో తప్పింది సార్" అని తనే అంది. "ఆరు ఒకటిలో ఎన్నిసార్లు పోయింది?" "పోలే సార్." "పోలేదంటే ఎన్నిసార్లు?" కొంచెంసేపు ఆగి, "సున్నా సార్" అంటూనే 1కి 2కి నడుమ సున్నా ఇరికించింది. అడగకుండానే 102ని ఆరుతో గుణించి సరిచూసుకుంది.

ఇక్కడ పెన్ను నా చేతిలోకి వచ్చి ఉంటే జవాబు నిమిషంలో వచ్చేది. సున్నా పోయిన చోటు మాత్రం నాకూ తెలిసేది కాదు, ఆమెకీ తెలిసేది కాదు.

ఆచరణలో ఇలా చేయండి. కుడిచేత్తో రాసే పిల్లకి ఎడమ పక్కన కూర్చోండి, పెన్ను మొన కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి వంగి చూడకండి, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ నిలబడ్డట్టే ఉంటుంది వాళ్లకి. ఏదైనా రాసి చూపించక తప్పదనుకుంటే మీ జేబులో సొంత రఫ్ కాగితం ఉంచుకోండి. దాని మీద వేరే అంకెలతో అలాంటి లెక్కే చేసి చూపించి, కాగితం మడిచి పెట్టేయండి. ఆమె లెక్క ఆమే చేసుకోవాలి.

"తొమ్మిదో తరగతిలో భాగహారం రాకపోవడమేంటి?" అని ముఖం చిట్లించకండి, దయచేసి. అసర్ సంస్థ 2023లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లని పరీక్షిస్తే, మూడంకెల సంఖ్యని ఒకంకెతో భాగించగలిగింది 43 శాతం మందే. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. 2025-26లో పదో తరగతిలో ఉన్న పిల్లల్ని తీసుకోండి. 2020 మార్చిలో కరోనాతో బడులు మూసేనాటికి వాళ్లు నాలుగో తరగతి. తెలంగాణలో చిన్న తరగతులకి మళ్లీ బడి తెరిచింది 2021 సెప్టెంబరులో. అంటే భాగహారం, భిన్నాలు చేయి తిరగాల్సిన ఐదో తరగతి మొత్తం వాళ్లకి టీవీ ముందు, ఫోను ముందు గడిచింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి వెళ్లిపోతే అదీ లేదు. వెనకబడ్డది వాళ్ల తెలివి అనుకుంటే ఎంత అన్యాయం!

4. తప్పు వెనక ఉన్న సూత్రాన్ని పట్టుకోండి

పిల్లలు తోచింది రాస్తారనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. ఒక సూత్రాన్ని గట్టిగా నమ్మి, అది పనిచేయని చోట వాడతారు. ఆ సూత్రం ఏంటో కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే. మీరు ఎక్కువగా చూడబోయేవి కొన్ని చెబుతాను.

మైనస్ మూడు మైనస్ ఐదు ఎంత? "ప్లస్ ఎనిమిది సార్, మైనస్ మైనస్ ప్లస్ గదా!" ఎక్కడ విన్నా ఇదే. గుణకారానికి చెప్పిన మాట కూడికలోకి వచ్చేసింది. "తప్పు, మైనస్ ఎనిమిది" అని మీరు చెబితే ఇంకో సూత్రం అప్పజెప్పుకుంటాడు, వచ్చే వారానికి రెండూ కలగాపులగం అవుతాయి. ఈ ఐటీ కారిడార్‌లో చాలామంది పిల్లల నాన్నలు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లు, అమ్మలు ఇళ్లలో పనిచేస్తారు. లిఫ్టు వాళ్లకి బాగా తెలుసు. గ్రౌండ్ ఫ్లోర్ సున్నా, కింద సెల్లార్లు మైనస్ ఒకటి, మైనస్ రెండు. "మైనస్ మూడులో ఉన్నావు. ఇంకో ఐదు కిందికి పోయినవు. ఎక్కడున్నవు?" అంత లోతు సెల్లార్ ఏ బిల్డింగుకీ లేకపోయినా జవాబు ఠక్కున వస్తుంది. తర్వాత "మరి మైనస్ మైనస్ ప్లస్ అన్నవు గదా, అది ఎప్పుడు?" అని అడిగి, వాడినే ఆలోచించనివ్వండి.

"అవతలికి పోతే గుర్తు మారుతుంది." మూడు ఎక్స్ ఈజీక్వల్టు 12 అని ఉంటే, మూడుని అవతలికి పంపి 12లోంచి తీసేసి ఎక్స్ ఈజీక్వల్టు 9 అంటారు. వాళ్ల లెక్క ప్రకారం గుర్తు మారింది కదా! ఇక్కడ చేయాల్సింది ఒక్కటే: "సరే, 9 పెట్టి చూడు." మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. పన్నెండు కావాలి. జవాబుని వెనక్కి పెట్టి సరిచూసుకోవడం అలవాటైతే, మీరు పక్కన లేనప్పుడు కూడా తప్పు దొరుకుతుంది.

సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడారు. క.సా.గు. జోలికి వెళ్లకముందు ఒకటి అడగండి: ఐదింట రెండు సగం కన్నా ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా? ఈ ప్రశ్న దగ్గర పిల్లల ముఖాలు చూడండి.

ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్. దీనికీ అదే మందు. ఏకి 3, బీకి 4 పెట్టమనండి. ఒకవైపు 49, ఇంకోవైపు 25. "ఆ మిగతా 24 ఎటుపోయింది?" అని అడిగి పేపరు మీద ఒక చతురస్రం గీయించి నాలుగు ముక్కలు చేయించండి. రెండు ఏబీ ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు.

5. అడిగాక ఆగండి

అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల్ని రికార్డు చేసి చూశారు. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబుకోసం ఆగుతున్నది సగటున ఒక్క సెకను. అదే మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు చాలా చిన్నవనుకుంటున్నారా? ఈ శనివారం మనసులో లెక్కపెట్టుకుని చూడండి, మౌనం ఎంత బరువుగా ఉంటుందో. "హింట్ ఇవ్వనా?" అని కూడా అనకండి ఆ కాసేపు.

6. మీరు కనిపెట్టింది సార్‌కి చేరాలి

చాలామంది వాలంటీర్లు వదిలేసేది ఇదే. నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేదీ ఇదే. శనివారం మీరు ఎనిమిది మంది పక్కన కూర్చున్నారు. ఎవరు ఎక్కడ ఆగారో మీకు తెలుసు. మీరు బస్సెక్కి వెళ్లిపోతే అదంతా మీతోనే వెళ్లిపోతుంది. సోమవారం సార్ మళ్లీ చీకట్లోనే మొదలుపెడతారు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. పీరియడ్ అయ్యాక సగం పేజీ చాలు. "ఫలానా ముగ్గురికి ఋణ సంఖ్యల కూడిక రావడంలేదు. ఇద్దరు భాగహారంలో సున్నా మర్చిపోతున్నారు. ఒకమ్మాయికి లెక్క వస్తుంది, ప్రశ్న చదవడం రావడంలేదు." మార్కులు వేయకండి, డల్ అనే మాట వాడకండి, చూసింది మాత్రమే రాయండి. ఎనిమిది మందిలో ఐదుగురికి ఒకే చోట చిక్కు ఉందని కాగితం మీద కనిపిస్తే, సార్ సోమవారం పది నిమిషాలు దానికే పెట్టగలరు. క్లాసు మొత్తానికీ మేలు జరుగుతుంది. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఈ పేజీలు ఆయనకి పనికొస్తాయి.

సార్ బోర్డు మీద ఏదైనా పొరపాటు చేస్తే? పిల్లల ముందు అనకండి. పీరియడ్ అయ్యాక పక్కకి పిలిచి "సార్, నాలుగో స్టెప్పులో నాకో సందేహం" అనండి. ఆయన గౌరవం తగ్గితే రేపటినుంచి ఆ పిల్లలకి లెక్కలు చెప్పేది ఎవరు?

7. లెక్కని వాళ్ల మాటల్లోకి దింపండి

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకాలు రెండు భాషల్లోనూ ఇచ్చారు, ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఆ పక్క పేజీని మొహమాటం లేకుండా వాడుకోండి. ఇంట్లో లంబాడీ, ఉర్దూ, ఒడియా, కన్నడ మాట్లాడే పిల్లలకి ఈ రెండూ కూడా పరాయివే కాబట్టి, "ఈ లెక్కలో ఏమేం ఇచ్చారు, ఏం కనుక్కోమన్నారు, నీ మాటల్లో చెప్పు" అని అడగడం అందరికీ పనికొచ్చే పద్ధతి. హంగరీలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన గణితవేత్త జార్జి పోల్యా 1945లోనే ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టమన్నారు. ఏ లెక్క ముందైనా ఇవి నిలుస్తాయి.

రెండు చరరాశుల సమీకరణాలు తీసుకోండి. కొంత స్థిర చార్జీ, ఆపైన కిలోమీటరుకి ఇంత. పుస్తకంలో చదివితే మొహాలు వేలాడేస్తారు. ఇలా చెప్పి చూడండి: "మీ నాన్న క్యాబ్ నడుపుతడు. ఎనిమిది కిలోమీటర్లకి 170 రూపాయలు, పదమూడు కిలోమీటర్లకి 255 వచ్చినయి. ఎక్కంగనే పడే చార్జీ ఎంత, కిలోమీటరుకి ఎంత?" ఐదు కిలోమీటర్లకి 85 పెరిగింది, అంటే కిలోమీటరుకి 17. ఎనిమిది పదిహేడులు 136, ఎక్కంగనే పడేది 34. ఇది నోటితో చేసేసిన పిల్లవాడికి "ఇప్పుడు నువ్వు చేసిందే చరరాశిని తొలగించే పద్ధతి, దీన్నే ఎక్స్, వై పెట్టి రాద్దాం" అని చెప్పండి. ఎంత ధైర్యం వస్తుందో చూడండి. లెక్కని తన జనం మాటల్లో చెప్పడం మనకేమీ కొత్త కాదు. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగులోకి తెచ్చాడు.

8. ట్రిక్కులు పక్కన పెట్టండి

రెండంకెల సంఖ్యల్ని క్షణంలో గుణించే చిట్కా మీకు వచ్చి ఉండొచ్చు. పిల్లలు చప్పట్లు కొడతారు, మీకూ సంతోషంగా ఉంటుంది. స్థానవిలువ తెలియని పిల్లకి అది ఇంకో అర్థంకాని సూత్రం మాత్రమే. నా అభిప్రాయం గట్టిది: మొదటి సంవత్సరం ఒక్క షార్ట్‌కట్ కూడా చెప్పకండి.

9. చురుకైనవాళ్ల దగ్గరే ఆగిపోకండి

ముందు బెంచీ పిల్లలు మిమ్మల్ని వదలరు. "అన్నా, ఇది చూడన్నా", "అక్కా, అయిపోయింది, ఇంకోటి ఇయ్యి". వాళ్లతో గడిపితే మనకీ హాయి. గంట గడిచిపోతుంది, వెనక బెంచీ అలాగే ఉంటుంది. చురుకైనవాళ్లకి ఒక కష్టమైన లెక్క ఇచ్చి, ఇద్దరిద్దరు కలిసి చేయమని చెప్పి లేవండి.

వెనక బెంచీలో వినిపించే మాట మీకు తెలుసు: "నాకు లెక్కలు రావు సార్." దీనికి "నీకు వస్తాయి, నువ్వు తెలివైనవాడివి" అని బదులివ్వకండి. వాడు నమ్మడు. నిన్నటిదాకా వచ్చిన మార్కులు వాడికి గుర్తున్నాయి. "సరే, ఏదాకా వస్తదో చూద్దాం" అని కిందికి దిగండి. పదో తరగతి లెక్క రాకపోతే ఎనిమిదోది, అదీ రాకపోతే ఐదోది, ఎక్కడో ఒకచోట చేతికొస్తుంది. అక్కడ్నుంచి మొదలుపెట్టండి. మెచ్చుకునేటప్పుడు కూడా జరిగిందే చెప్పండి. "గుడ్" అనడం కన్నా "ఈసారి నువ్వే సరిచూసుకున్నవు" అనడం వాడికి ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

10. ఒక్కరోజు గ్రౌండ్‌లోకి తీసుకెళ్లండి

త్రికోణమితి అనువర్తనాలు వచ్చేసరికి సార్‌ని అడిగి ఒక పీరియడ్ బయట పెట్టుకోండి. కాంపాస్ బాక్స్‌లోని ప్రొట్రాక్టర్, దాని అంచుకి టేపుతో అంటించిన స్ట్రా, మధ్యలో దారానికి వేలాడే ఒక నట్టు. ఇంతే పరికరం. ఈ ప్రాంతంలో ఏ బడి గ్రౌండ్‌లో నిలబడినా ఏదో ఒక ఆఫీసు టవరు కనిపిస్తూనే ఉంటుంది. దాని ఎత్తెంత?

పిల్లలు వెంటనే అంటారు, "టవరు మొదటిదాకా దూరం కొలవాలె గదా సార్, గేటు దగ్గర సెక్యూరిటీ పోనియ్యరు." ఆ అడ్డంకే మనకి కావాల్సింది. పుస్తకంలో రెండు చోట్ల నుంచి కోణాలు ఇచ్చే లెక్కలు ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. మొదటి చోట కోణం 45 డిగ్రీలు వచ్చిందనుకోండి, అక్కడ్నుంచి వెనక్కి 50 మీటర్లు నడిస్తే 30 డిగ్రీలు. మొదటి దూరం ఎత్తుతో సమానం, రెండోది ఎత్తుకి రూట్ మూడు రెట్లు. తేడా 50. ఎత్తు సుమారు 68 మీటర్లు, దానికి మన కంటి ఎత్తు కలపాలి. నిజంగా కొలిస్తే కోణాలు ఇంత చక్కగా రావు, టాన్ విలువల పట్టిక తీయాల్సి వస్తుంది. రెండు జట్లకి రెండు జవాబులు వస్తాయి. ఎవరిది ఎందుకు తేడా వచ్చిందో వాదించుకోనివ్వండి, మధ్యలోకి వెళ్లకండి. గ్రౌండ్ చిన్నదై 50 మీటర్లు లేకపోతే ఉన్నంతలో చేయండి.

11. హద్దులు తెలుసుకుని వెళ్లండి

ఇవి చర్చకి పెట్టేవి కావు. కొట్టకండి, చెవి మెలిపెట్టకండి, గోడకుర్చీ వేయించకండి, నలుగురి ముందు పరువు తీయకండి. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ శారీరక దండననీ మానసిక వేధింపునీ నిషేధించింది. తలుపులు వేసిన గదిలో ఏ పిల్లతోనూ పిల్లవాడితోనూ ఒంటరిగా కూర్చోకండి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోకండి, మీది ఇవ్వకండి. ఏదైనా చెప్పాలంటే సార్ ద్వారా చెప్పండి. సెల్ఫీలు తీసి సోషల్ మీడియాలో పెట్టకండి. ఒక్కరికే పెన్నులు, చాక్లెట్లు తెచ్చిపెట్టకండి. ఎవరైనా ఇంట్లో కొడుతున్నారనో, పెళ్లి చేస్తున్నారనో చెబితే మీలోనే దాచుకోకండి, అదే రోజు హెచ్‌ఎం గారికి చెప్పండి.

12. రాలేని వారం ముందే చెప్పండి

మీకు రిలీజులుంటాయి, ఆన్‌కాల్ ఉంటుంది, ఊరికి వెళ్లాల్సి వస్తుంది. అందరికీ తెలిసిందే. చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు. ఈ పిల్లల్లో చాలామంది మనుషులు వచ్చి వెళ్లిపోవడం చూశారు. కంపెనీల చట్టం, 2013లో సీఎస్‌ఆర్ నిబంధన వచ్చాక ఈ బడులకి బెంచీలు, ప్రొజెక్టర్లు, బ్యాగులు వస్తున్నాయి, మంచిదే. బ్యానరు కట్టి ఒక్కరోజు పాఠం చెప్పి ఫొటో దిగి వెళ్లే బృందాలూ వస్తున్నాయి. మీరు అలా వెళ్లకండి. నెలకి రెండు శనివారాలే కుదురుతాయా? రెండే చెప్పండి, ఆ రెండూ రండి.

జనవరి వచ్చేసరికి పదో తరగతి వాళ్లకి రివిజన్లు, ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. అప్పుడు కొత్త విషయం ఏదీ ఎత్తుకోకండి. లెక్కల పేపరు 80 మార్కులకి, పాస్ కావడానికి 28 రావాలి. అంచున ఉన్నవాళ్ల జాబితా సార్ దగ్గర ఉంటుంది. వాళ్లకి ఇప్పటికే కొంత పట్టున్న నాలుగైదు అధ్యాయాలు ఏవో సార్‌తో కూర్చుని నిర్ణయించుకుని, వాటినే మళ్లీ మళ్లీ చేయించండి. గ్రాఫు లెక్క, సాంఖ్యక శాస్త్రంలో పట్టికలు, సంభావ్యత లాంటివి క్రమం తప్పకుండా చేస్తే మార్కులు తెచ్చిపెడతాయి. టైము పెట్టి రాయించండి.

మొదటిసారి వెళ్లడానికి కావలసినవి ఇవి: హెచ్‌ఎం గారి అనుమతి, ఎంఈఓ ఆఫీసు నుంచి లెటరు అడిగితే అది, మీ గుర్తింపు కార్డు, పాఠ్యపుస్తకం, రఫ్ కాగితాలు, సార్‌కి ఇచ్చే ఆ చిన్న నోట్‌బుక్. వెళ్లే ముందు క్యాలెండర్ చూసుకోండి, రెండో శనివారం బడికి సెలవు.